చెప్పులేసుకుని తెరిచే ఫ్రిజ్

“మామయ్యా, ఫ్రిజ్ తెరవాలంటే చెప్పులెందుకు?”

సింధు ప్రశ్నకు పెళ్లికొడుకు తండ్రి ఎల్లస్వామి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పెళ్లికి ముందు అబ్బాయి ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు గదులు చూస్తారు, బోరులో నీళ్లున్నాయా అని అడుగుతారు. పెళ్లికూతురే పాలంపేట నుంచి దిగి, నేరుగా వంటింట్లోకి నడిచి, బ్యాగులోంచి టెస్టర్ తీయడం మాత్రం మట్టెవాడలో ఎవరూ ఎరుగరు.

ఫ్రిజ్ తలుపుకు తాకించగానే టెస్టర్ వెలిగింది.

“పాతది గదా బిడ్డా, జర జివ్వుమంటది. చెప్పులేసుకుంటే ఏం గాదు. పోయిన వానకాలం మీ అత్తమ్మను గట్టిగనే కొట్టింది. దవాఖానకు పోయొచ్చింది. ఇప్పుడు మంచిగనే ఉన్నది గదా!”

స్టవ్ దగ్గర రబ్బరు చెప్పులతో నిలబడ్డ యాకమ్మ, చేతిమీది మచ్చను కొంగుతో కప్పుకుంది. ఆ ఇంట్లో ఆమె మాట పైకి వినబడేదే తక్కువ. పెళ్లిచూపుల నాడు మాత్రం సింధును పెరట్లోకి తీసుకెళ్లి చాలాసేపు మాట్లాడింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని తర్వాత పట్టుబట్టింది కూడా.

సింధు హాల్లోకి వచ్చి గోడమీది క్యాలెండర్ ఎత్తింది. దాని వెనక టేపు చుట్టిన వైర్ల ముడి వేలాడుతోంది.

“ఫ్యూజుల ఏం తీగ పెట్టిన్రు మామయ్యా?”

“మాటిమాటికి కాలిపోతాందని దొడ్డుది పెట్టిన. అప్పటిసంది ఒక్కపారి గూడ కాలలే!” గర్వంగా అన్నాడు ఎల్లస్వామి.

“కాలుడే దాని పని. అది కాలకుంటే ఇల్లు కాలుతది.”

“సింధూ, ఇగ చాలు!” తండ్రి రామలింగం ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆమె విడిపించుకుంది.

“ఇల్లంత కొత్త రాగి వైరు గుంజిపియ్యాలె, గీజరుకు వేరేగ దొడ్డుది. పెరట్ల ఎర్తింగు గుంత తవ్వియ్యాలె. షాక్ కొట్టంగనే కరెంటు బందుచేసే ట్రిప్ స్విచ్ పెట్టాలె. అప్పటిదాక పెండ్లి మాట లేదు.”

ఎల్లస్వామికి ఒళ్లు మండింది. “మా ఇంటికొచ్చి మాకే షరతులా? ఈ సంబంధం కాకుంటే ఇంకోటి!”

“మంచిది. ఆ వచ్చే పిల్లకు గూడ చెప్పులు కొనిపెట్టున్రి” అని సింధు గడప దాటింది.

“బాపూ, నేను చేసుకుంటే ఈమెనే చేసుకుంట” అన్నాడు ఆమె వెనకే గడప దాకా వచ్చిన పెళ్లికొడుకు ఓంప్రకాశ్.

ఎల్లస్వామి దిక్కుతోచక భార్యవైపు చూశాడు.

“ఏం జేస్తం, ఇప్పటి పిల్లలు గట్లనే ఉన్నరు. పిలగాని మొకం చూసన్న చేపియ్యి” అని నిట్టూర్చింది యాకమ్మ.

ఎంత తిట్టుకున్నా పనివాళ్లను పిలవక తప్పలేదు. పాత వైర్లన్నీ పీకి కొత్తవి లాగారు. పెరట్లో గుంత తవ్వి బొగ్గు, ఉప్పు నింపారు. ఎవరడిగినా “కోడలుగారి హుకుం” అంటూ ఎల్లస్వామి పళ్లు నూరాడు.

పనంతా అయ్యాక సింధు తండ్రితో మళ్లీ వచ్చింది. ట్రిప్ స్విచ్ మీది టెస్ట్ బటన్ నొక్కింది. ఠక్కున కరెంటు ఆగి ఫ్యాన్లు నెమ్మదించాయి. మళ్లీ కరెంటు వేసి ఫ్రిజ్ తలుపుకు తాకిస్తే టెస్టర్ వెలగలేదు.

“ఇగ ముహూర్తం పెట్టుకోవచ్చు” అని నవ్వింది.

వాళ్లు వెళ్లాక ఎల్లస్వామి గుమ్మంలో కూలబడ్డాడు. “గింత పిల్ల నా మెడలు వంచింది. రేపు నిన్ను బతకనిస్తదా?”

“ఏమోనయ్యా” అంటూ యాకమ్మ రబ్బరు చెప్పులు బయట విడిచి, వట్టి కాళ్లతో వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్ తలుపుకు అరచెయ్యి ఆనించి, కొంగుచాటున ఫోన్ చెవికి పెట్టుకుంది.

“నేను నేర్పినయన్నీ మర్చిపోకుంట అడిగినవ్ బిడ్డా!”