తేలిక తూటా

"ఈ తూటాలన్నిట్లోకీ తేలికైనది ఏదో చూపించమ్మా" అన్నాడు దివాకర్.

కౌంటర్ వెనకున్న అమ్మాయి తలెత్తి చూసింది. ఇర్వింగ్ ఊరు దాటి చాలా దూరం వచ్చాక హైవే పక్కనుంది ఆ తుపాకుల దుకాణం. అక్కడ తెలుగు వినపడటం ఆమెకు కొత్త. ఆమె జేబు మీద భవిత అన్న పేరు చూసే అతను తెలుగులో పలకరించాడు. కాలేజీ షూటింగ్ టీమ్‌లో ఉందిట. సెలవుల్లో ఇక్కడ పని చేస్తోంది.

"ఏ రైఫిల్, అంకుల్?"

"టూ ట్వంటీ త్రీ సైజుది. పాతది. నాది కాదు, మా పక్క పొలం ఆయనది. వెర్నన్ అని, పెద్దాయన. కయోటీలు లేవూ, ఆ గుంటనక్కల్లాంటివి, ఆయన దూడల్ని తినేస్తున్నాయి."

భవిత రెండు డబ్బాలు తీసి పెట్టింది.

"ఇది ఫిఫ్టీఫైవ్ గ్రెయిన్ బరువు. అందరూ ఇదే కొంటారు. ఇది ఫార్టీ. చాలా లైట్. పాత బారెల్‌కి లైట్‌దే గుడ్. కానీ గాలి ఉంటే కొంచెం పక్కకి వెళ్తుంది. దూరం నుంచి కొట్టొద్దు."

"నేలకి తగిలితే?"

"బ్రేక్ అయిపోతుంది. పైన కాపర్ చాలా థిన్. స్పీడ్ ఎక్కువ. ముక్కలు ముక్కలు."

"రాయికి తగిలితే? ఎగిరి ఇంకో పక్కకి పోదు కదా?"

"మోస్ట్‌లీ పోదు."

"మోస్ట్‌లీ అంటే?"

నవ్వబోయిన భవిత అతని ముఖం చూసి ఆగిపోయింది.

"హండ్రెడ్ పర్సెంట్ ఎవ్వరూ చెప్పలేరు, అంకుల్. వెనకాల మట్టిగట్టు చూసుకునే కొట్టాలి. కానీ హెవీ బుల్లెట్ కన్నా ఇది చాలా సేఫ్. ఎందుకు అలా అడుగుతున్నారు?"

దివాకర్ తేలికవాటి డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"మార్చిలో ఆయన ఒక కయోటీని కొట్టబోయాడు. గురి తప్పింది. గట్టి తూటా. రాయికి తగిలి ఎగిరింది. కంచె దగ్గర ఒక పాప ఉంది."

భవిత చెయ్యి నోటి మీదికి పోయింది. "ఓ మై గాడ్! ఆయన గ్రాండ్‌డాటరా?"

దివాకర్ డబ్బా మీది అక్షరాలు చదవసాగాడు. అవి అతని కళ్లకు ఆనడం లేదు.

"పాపం, తాతగారు. ఎలా బతుకుతున్నారు, అంకుల్?"

"బతకడం లేదమ్మా. అందుకే వచ్చాను."

కార్లో అతని భార్య రేణు అలాగే కూర్చుని ఉంది. ఒళ్లో పెరుగన్నం డబ్బా. పొద్దున ఆమె కలుపుతుంటే ఎవరికని అతను అడగలేదు.

"దొరికిందా?"

"దొరికింది. రేణూ, వెనక్కి వెళ్లిపోదామా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "కారు పోనివ్వండి."

వెర్నన్ వరండాలోనే ఉన్నాడు. రెండు నెలల్లో మనిషి సగమైపోయాడు. అది ప్రమాదమని షెరీఫ్ తేల్చేశాడు. ఆయనకు మాత్రం ఏదీ తేలలేదు. రైఫిల్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. చర్చివాళ్లు తెచ్చిన భోజనాలు మూత తీయకుండానే పాడైపోతున్నాయి. ఆయన ఇంక తిండి మానేశాడని వాళ్లే దివాకర్‌కు ఫోన్ చేశారు. కొట్టం దగ్గర ఒక ఆవు ఆగకుండా అరుస్తోంది. రాత్రి దాని దూడ పోయింది.

కారు చూసి వెర్నన్ లేవబోయాడు. మళ్లీ కూలబడ్డాడు. టోపీ తీశాడు. తల మాత్రం ఎత్తలేదు.

దివాకర్ ఆయన పక్కన కూర్చుని డబ్బా ముందుంచాడు.

"మీ రైఫిల్‌కి."

"వద్దు. దాన్ని నేను మళ్లీ ముట్టుకోను. దూడలన్నీ పోతే పోనీ. నాకు తగిన శాస్తే."

"ఇవి తేలికవి, వెర్నన్. నేలకు తగిలితే పొడైపోతాయి. గట్టు చూసుకుని, దగ్గర్నుంచి కొట్టండి."

వెర్నన్ ఒక తూటా తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఆ రోజు ఇవే ఉండి ఉంటే..." అన్నాడు.

దివాకర్ దగ్గరికి జరిగాడు. ముసలాయన వీపు మీద చెయ్యి వేశాడు. చొక్కా కింద ఎముకలు తగిలాయి. వెర్నన్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు ఆగేదాకా అతను చెయ్యి తీయలేదు.

రేణు మెట్ల దగ్గరే నిలబడిపోయింది. కంచె వైపు చూడకుండా ఉండటానికి ఆమె పడుతున్న అవస్థ దివాకర్‌కు తెలుస్తూనే ఉంది. చివరికి పైకొచ్చింది. పెరుగన్నం డబ్బా మూత తీసి, చెంచా వెర్నన్ వేళ్ల మధ్య పెట్టి, ఆ వేళ్లను తన చేత్తో మూసింది.

"అవి మా ఆద్య పేర్లు పెట్టిన దూడలు, వెర్నన్; నా కూతురు ఎలాగూ ఆ కంచె దగ్గర్నుంచి లేచి రాదు, వాటినైనా బతకనివ్వండి."