బొజ్జ ఎటువైపు

చెత్తబుట్టలో ఇంపొజిషన్ కాగితం ముక్కలై కనిపించేసరికి హైమకు ఒళ్ళు మండిపోయింది.

కొడుకు శ్రీవత్సకు ఆరేళ్ళు. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ‘బీ’ రాయమంటే ‘డీ’ రాస్తాడు. ‘డీ’ రాయమంటే ‘బీ’ రాస్తాడు. అక్షరానికి బొజ్జ ఎటువైపు ఉండాలో వాడికి ఎప్పుడూ అనుమానమే.

చదవడం రాకపోతే పై క్లాసుకు పంపడం కుదరదని ఫస్ట్ గ్రేడ్ టీచర్ దసరా రోజుల్లోనే చెప్పేసింది.

అమెరికాలో ఈ అల్ఫారెట్టా ఊళ్ళో తెలుగువాళ్ళ పిల్లలు బారసాల నాటికే స్పెల్లింగులు చెప్పేస్తారని పేరు. అలాంటి ఊళ్ళో హైమ కొడుకు ఫస్ట్ గ్రేడ్ తప్పడమంటే మాటలా?

అందుకే ప్రతి శనివారం లైబ్రరీలో పిల్లల బల్ల దగ్గర వాణ్ణి కూర్చోబెట్టి, కాగితం నిండా ‘బీ’లు రాయమని చెప్పి, తను వెనక గదిలో కంప్యూటర్ కోర్సు చదువుకుంటుంది. గుంటూరు కాన్వెంటులో తనను దారికి తెచ్చింది ఆ ఇంపొజిషన్లే మరి.

ఇవాళ వచ్చి చూస్తే కాగితం బుట్టలో ఉంది. ఎవరో ముసలాయన శ్రీవత్స చెయ్యి పట్టుకుని, వాడి వేలితో బల్ల మీద ఏదో దిద్దిస్తున్నాడు.

పేరు ఆంజనేయప్రసాద్. పిల్లలకు కథలు చదివి వినిపించడానికి జీతం లేకుండా వచ్చే మనిషి.

“కాగితం చింపింది మీరేనాండీ?”

“నేనేనమ్మా.”

“చింపడానికి మీరెవరండీ? వీడేమైనా మీ మనవడా?”

“కాదమ్మా. ఈ వయసులో చాలామంది పిల్లలు ఇలాగే తిరగేసి రాస్తారు. మెల్లిగా అదే సర్దుకుంటుంది.” ఆయన గొంతు తగ్గించాడు. “కొట్టకమ్మా.”

కొడతానని ఈయనకెవరు చెప్పారు? హైమ కొడుకు వైపు చూసింది. వాడు తల దించేసుకున్నాడు.

“నా కొడుకు. కొట్టుకుంటాను, కోసుకుంటాను. మీకెందుకు?”

ఆయన వాడి చెయ్యి వదిలేసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆ నెమ్మదితనం ఆమెకు ఇంకా మంటెత్తించింది.

తిన్నగా కౌంటర్ దగ్గరికి వెళ్ళింది.

“ఆ మనిషి మా అబ్బాయి మీద చేతులు వేస్తున్నాడు. నాకు భయంగా ఉంది,” అంది ఇంగ్లీషులో.

ఆయన చెయ్యి పట్టుకున్నది అక్షరం దిద్దించడానికే. ఆమెకు తెలుసు. ఈ దేశంలో ఆ మాట ఎంత దూరం పోతుందో కూడా తెలుసు. తెలిసే అంది.

మరుసటి శనివారం ఆయన కనిపించలేదు. పీడా పోయిందనుకుంది హైమ.

పోలేదు. శ్రీవత్స పెన్సిల్ ముట్టుకోవడం మానేశాడు.

తిట్టింది. కొట్టింది. ఐస్‌క్రీమ్ కొనిపెడతానంది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కొన్నాళ్ళకు టీచర్ ఫోన్ చేసింది.

“అంత బాగా చదువుతున్నవాడు, ఉన్నట్టుండి నోరు విప్పడం మానేశాడు. ఇంట్లో ఏమైనా జరిగిందా?”

“బాగా చదువుతున్నాడా?”

“మీకు తెలీదా? క్రిస్మస్ సెలవుల తర్వాత నుంచి పుస్తకాలు తనంతట తనే చదువుతున్నాడు. పై క్లాసుకు వెళ్ళిపోతాడనే అనుకున్నాను.”

హైమ ఫోన్ పెట్టేసి కొడుకును నిలదీసింది.

“నీకు చదవడం ఎవరు నేర్పార్రా?”

“ప్రసాద్ తాత. ఎవ్రీ సాటర్డే, లైబ్రరీలో.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు రైటింగే చూస్తావ్ కదా మమ్మీ. నేను రాంగ్ రాస్తే తాత నవ్వాడు. నన్ను హిట్ చెయ్యలేదు.”

హైమకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు విసిరేసింది.

లైబ్రరీకి వెళ్ళి తను చెప్పింది అబద్ధమని ఒప్పుకుంది. వాళ్ళు ఆయన్ను మళ్ళీ రమ్మని పిలిచారు. ఆయనే రానన్నాడట.

గుడిలో వాకబు చేసి, ఆయన ఇల్లు పట్టుకుని వెళ్ళింది.

ఆయన కూతురు తలుపు తీసింది. నలభైకి దగ్గర పడిన మనిషి. ఈ దేశంలోనే పుట్టి పెరిగిందని మాట తీరే చెబుతోంది.

హైమ జరిగిందంతా చెప్పుకుంది. “ఒక్కసారి ఆయన్ని పిలవండి. కాళ్ళు పట్టుకుంటాను. మా వాడి చదువు ఆయన చేతిలోనే ఉంది.”

“డాడీ లోపలే ఉన్నారు. రారు అండి. నేను చాలా చెప్పాను. ‘ఆ అమ్మాయి భయపడింది కరెక్టే, నేను పిల్లల దగ్గర ఉండకూడదు’ అంటున్నారు.”

“అయ్యో, అదేం మాటండీ? కోపంలో నోటికొచ్చింది వాగాను. ఆయన దేవుడిలాంటి మనిషి. ఆయన కడుపున పుట్టిన మీరెంత అదృష్టవంతులో.”

ఆమె మొహం గట్టిపడింది. తలుపు మూసేస్తుందేమో అనుకుంది హైమ.

ఆమె మూయలేదు. జుట్టు వెనక్కి తోసి ఎడమ చెవి చూపించింది. అందులో వినికిడి మిషన్ ఉంది.

“సిక్స్ ఇయర్స్ అప్పుడు నేను కూడా బీ రాయమంటే డీ రాశాను,” అంది మెల్లిగా. “డాడీ కొట్టిన దెబ్బకి ఈ చెవి పోయింది.”