గుమ్మడికాయ కోసిపెట్టిన చుట్టం

"దబ్, దబ్, దబ్."

పండుగ విందుకు ముందురోజు సాయంత్రం, పిల్లలు గదిలో గెంతుతుండగా, కింది వాటాలోంచి ఆ చప్పుడు పైకి వచ్చింది.

"కర్రాయన మొదలుపెట్టాడు," అన్నాడు సైన్స్ మాస్టారు, చదువుతున్న పత్రిక దించకుండా.

కింది వాటా ముసలాయన గడప దాటేవాడు కాడు. రెండేళ్ళుగా వారికి ఆయన ముఖం తెలియదు, కర్ర చప్పుడు మాత్రమే తెలుసు.

"అయినా కర్రతో కప్పు కొడితే ఠక్కుమనాలి. ఇది దబ్బుమంటుందేమిటి? తలతో కొడుతున్నాడేమో!"

భార్య నవ్వలేదు. బెణికిన కుడి మణికట్టుకు గుడ్డ బిగించుకుంటోంది.

ఏటా ఆకులు రాలే కాలంలో వచ్చే ఆ పండుగ సెలవునాడు మాస్టారి వైపు బంధువులంతా ఈ ఇంట్లోనే భోంచేస్తారు. మాంసం మరిది కాల్చి తెస్తాడు. దాని పక్కన వడ్డించే కూరలన్నీ వదిన వంతు. గుమ్మడికాయ, బీన్స్, క్యారెట్, బీట్‌రూట్, బంగాళాదుంప. ఫోటోలు మాంసానికి, చాకిరీ కూరలకు.

చేయి బెణికిందని తెలిసి ఆడపడుచు ఫోను చేసింది.

"ఈసారి హోటల్లో కానిచ్చేద్దాం వదినా. ఇంక ఏటా అక్కడే. నీవల్ల కాదులే."

"నావల్ల అవుతుంది," అందామె. ఒక్క కూర తగ్గినా పండుగ ఈ ఇంటి గడప దిగి హోటలుకు వెళ్ళిపోతుందని ఆమెకు తెలుసు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఇల్లంతా నిండింది, వంటిల్లు తప్ప.

గుమ్మడికాయలో దిగిన కత్తి సగంలోనే ఇరుక్కుపోయింది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. ఆమె మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంది. అంతలో గంట మోగింది.

గుమ్మంలో ఒక పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తెల్ల జుట్టు.

"అమ్మా, నేను..."

పొద్దుటి నుంచి తలుపు తీసిన ప్రతిసారీ భర్త వైపు చుట్టమే. ఈయనా ఏ చిన్నాన్నగారో అయి ఉంటారని ఆమె అనుకుంది.

"రండి మావయ్యగారూ. అందరూ హాల్లో ఉన్నారు. పొయ్యి మీద దుంపలు పెట్టాను, మాడిపోతాయి."

ఆయన హాల్లోకి పోలేదు. ఆమె వెనకే వచ్చి, కాయలో నిలిచిన కత్తినీ, ఆమె చేతి కట్టునూ చూశాడు.

"జరుగమ్మా. నేను కోస్తాను."

"అయ్యో, మీరెందుకండీ!"

"నిలబడితే కాళ్ళు లాగుతున్నాయి. కూర్చుని ఏదో ఒకటి చేస్తా."

గుమ్మడికాయ ముక్కలైంది. తరువాత క్యారెట్, ఆ తరువాత బీట్‌రూట్. ముక్కలేమీ అందంగా రాలేదు. కొన్ని లావు, కొన్ని సన్నం. ఆయన మాత్రం ఆగలేదు.

మధ్యలో మంచినీళ్ళకు వచ్చిన మాస్టారు, ఎర్రబడిన ఆ చేతులను చూసి నవ్వాడు.

"ఏమీ అనుకోకండి. మా ఇంట్లో మర్యాదలు ఇలాగే ఉంటాయి."

ఆయన్ను భార్య వైపు చుట్టమనుకుని, మర్యాద చేశానన్న తృప్తితో వెళ్ళిపోయాడు.

హాల్లో పిల్లల గెంతులకు గూట్లో పళ్ళేలు గలగలలాడాయి.

"ఈ గోల భరించలేం కదండీ?" అందామె.

ఆయన తలెత్తి కాసేపు విన్నాడు.

"ఇక్కణ్ణుంచి వింటే బాగానే ఉంది."

చివరి కూర పొయ్యి దిగింది.

"చేతులు కడుక్కోండి, వడ్డించేస్తాను," అంటూ ఆమె గిన్నెలు హాల్లోకి చేరవేసింది. తిరిగి వచ్చేసరికి పీట ఖాళీగా ఉంది.

ఆడపడుచు గుమ్మడికాయ కూర రెండోసారి వడ్డించుకుంది. హోటలు ఊసెత్తలేదు.

"మీ చిన్నాన్నగారు తినకుండా వెళ్ళిపోయారేం?" అని ఆమె భర్తను అడిగింది.

"మా చిన్నాన్నా? ఆయన మీ వైపు కాదూ?"

ఆమె కాదని తల అడ్డంగా ఊపింది.

"దొంగేమో! వెండి గిన్నెలు చూసుకో వదినా," అంది ఆడపడుచు.

వెండి ఎక్కడిదక్కడే ఉంది.

"దేవుడే ఆ రూపంలో వచ్చాడు," అంది మాస్టారి పెద్దమ్మ.

"గుమ్మడికాయ చెక్కు తీసే ఓపికే దేవుడికి ఉంటే లోకం ఇలా ఎందుకుంటుంది పెద్దమ్మా? ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది," అన్నాడు మాస్టారు.

"వింత అది కాదన్నయ్యా," అన్నాడు మరిది. "పొద్దుటి నుంచి పిల్లలు ఇల్లు పీకి పందిరి వేస్తున్నారు. మీ కర్రాయన ఒక్కసారి కూడా కొట్టలేదు!"

ప్రతి చప్పుడుకూ కారణం ఉంటుందని ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్న మాస్టారు, చప్పుడు లేకపోవడానికీ ఒకటి ఉంటుందని అప్పుడు గ్రహించినట్టు, నేలవైపు చూశాడు.

ఆమె అన్ని కూరలూ తలా కాస్త ఒక గిన్నెలో సర్దుకుని మెట్లు దిగింది.

కింది వాటా తలుపు బార్లా తీసి ఉంది. గదుల్లో సామాను లేదు. పనిమనిషి ఊడుస్తోంది.

"ఇప్పుడే వెళ్ళిపోయారమ్మా, ఊరు మారిపోయారు. మీకు చెప్పి వస్తానని పైకొచ్చిన మనిషి ఎంతకీ దిగి రాకపోతే, లారీవాళ్ళు ఒకటే కేకలు!"

గిన్నె ఇంకా వేడిగా ఉంది. దాన్ని ఎక్కడ దింపాలో ఆమెకు తోచలేదు.

"ఇదొక్కటీ వదిలేశారు," అంటూ పనిమనిషి మూలనున్న కర్రను అందించింది.

దాని కొసకు, పసిపిల్లల తలగడ కుట్టినంత శ్రద్ధగా, పొర మీద పొరగా మెత్తటి గుడ్డ చుట్టి కుట్టి ఉంది.