పెద్దాయన వంతు

“పొద్దున్నుంచి ఇక్కడ కూర్చున్నవాళ్ళం మనుషుల్లా కనబడటం లేదా?”

ఆ కేకకి పళ్ళ ఆసుపత్రి వరండా అంతా తలెత్తి చూసింది.

అరిచినవాడు బస్టాండులో కంట్రోలరు. ఏ బస్సు ముందు కదలాలో, ఏది వెనక ఆగాలో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. మైకు చేతిలో లేకపోయినా గొంతు మాత్రం అదే. వరస తప్పిన డ్రైవర్ని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాడు. అందులో ఆయనకి కాస్త సరదా కూడా ఉంది.

ఇవాళ సెలవు పెట్టి మరీ కూతుర్ని తీసుకొచ్చాడు. కాలేజీలో చేరబోయే పిల్ల. కింది దవడలో జ్ఞానదంతాలు రెండూ చోటు చాలక అడ్డంగా పడుకున్నాయి.

పొద్దున ఎక్స్‌రే చూసి డాక్టరు అన్నాడు. “ఈ వయసులో వేళ్ళు ఇంకా ముదరవు. ఇప్పుడు తీస్తే సులువు, పుండూ తొందరగా మానుతుంది. ముందు ఒక పక్క తీద్దాం. నొప్పి లేదు కాబట్టి కంగారేం లేదు, ఇవాళ కుదరకపోతే సెలవులకి వచ్చినప్పుడైనా సరే.”

కంట్రోలరు చెవికి “ఇప్పుడు తీస్తే” ఎక్కింది, “కంగారేం లేదు” ఎక్కలేదు.

“అవి తీసేస్తే ఉన్న జ్ఞానం కూడా పోతుందేమో నాన్నా!” అంది పిల్ల, భయం పైకి కనబడకుండా.

“ఉంటేగా పోవడానికి!” అన్నాడాయన.

పళ్ళు కోసి తీసే ఆ డాక్టరు నెలకోసారి వస్తాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు. ఇంకొక్కరికే టైముందని చెప్పిన నర్సు, మూల బెంచీ మీద నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్న పెద్దాయన్ని లోపలికి రమ్మంది. కంట్రోలరు లేచింది అప్పుడే.

“డాక్టరుగారే ఆయన్ని ముందు పంపమన్నారండీ. అర్జంటు,” అంది నర్సు.

“మాదీ అర్జంటే! పిల్ల ఎల్లుండి హాస్టల్‌కి వెళ్ళాలి. ఈయన ఎప్పుడొచ్చాడు? తీరిగ్గా భోంచేసి, కునుకు తీసి వచ్చాడు!”

“అది కాదండీ...”

“ఏది కాదు? నీ చెయ్యి తడిపాడా? నీలాంటి లంచగొండుల్ని రోజూ చూస్తుంటాను. పైవాళ్ళకి చెప్పి నీ ఉద్యోగం సంగతి తేలుస్తానుండు!”

వరండాలో ఎవరో నవ్వారు. ఇంకెవరో “అంతేలెండి, అన్నిచోట్లా ఇదే,” అన్నారు. నర్సు మొహం కందిపోయింది. ఏదో అనబోతుంటే పెద్దాయన వద్దన్నట్టు చెయ్యెత్తి, మెల్లగా లేచాడు. రుమాలు చాటునుంచి మాట ముద్దముద్దగా వచ్చింది.

“ఆ అమ్మాయినేం అనకండి బాబూ. తప్పు నాదే. నా పన్ను ఎక్కడికీ పారిపోదు, వచ్చే నెల చూసుకుంటాను. పాపని పంపించండి.”

“అలా రండి దారికి!” అన్నాడు కంట్రోలరు.

పిల్ల సిగ్గుతో తల దించుకుంది. పెద్దాయన ఆమె దగ్గర ఆగాడు.

“భయపడకమ్మా. మత్తుసూది వేస్తారు, ఏం తెలియదు. ఆ తర్వాత చల్లటివి తాగుతూ ఇంట్లో అందరి చేతా పనులు చేయించుకోవచ్చు.”

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నర్సు గేటు దాకా పరిగెత్తింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

“పెద్దాయన ఏరీ?” అన్నాడు డాక్టరు లోపల్నించి.

“వెళ్ళిపోయారు సర్.”

“వెళ్ళిపోవడమేమిటి? అన్నీ చెప్పాను కదా!”

నర్సు ట్రేలో పరికరాలు సర్దింది. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టింది. పన్ను ఇట్టే వచ్చేసింది.

మర్నాడు బస్టాండులో కంట్రోలరు ఈ విజయగాథ కనబడ్డవాడికల్లా చెప్పాడు. నోరు తెరిచి అడక్కపోతే మన నెత్తిన ఎక్కి కూర్చుంటారని డ్రైవర్లకి హితబోధ కూడా చేశాడు.

సెలవులకి పిల్ల వచ్చింది. రెండో పక్క పన్ను కోసం మళ్ళీ అదే ఆసుపత్రి. ఈసారి జనం లేరు, గొడవా లేదు. పని అయిపోయాక నర్సు ఐసు సంచి పిల్ల బుగ్గకి ఆనించి పట్టుకుంది.

దూది కరిచిపట్టిన పిల్ల మాట్లాడలేక, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని తండ్రికి సైగ చేసింది. అడగమని పొద్దున్నుంచి పోరుతూనే ఉంది.

“ఆ... అన్నట్టు, అప్పుడు మాకు వంతు వదిలేసిన పెద్దాయన మళ్ళీ వచ్చి తీయించుకున్నాడా?” అన్నాడు కంట్రోలరు.

“వచ్చారండీ. నెల తర్వాత.”

“ఇంకేం, మంచిదేగా.”

“ఆయనకి నోట్లో కేన్సరండీ. దవడకి కరెంటు, అదే రేడియేషన్, పెట్టే ముందు పుచ్చిన పళ్ళు తీసెయ్యాలి, ఆ పుండు మానాలి. వేరే ఊరు తీసుకెళ్తానంటే కదల్లేదు, ఈ డాక్టరుగారైతేనే అన్నారు. ఈలోగా అది మెడలోకి దిగిపోయింది. పోయారు.”

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.  కంట్రోలరుది తగ్గడం అలవాటు లేని గొంతు కదా, మళ్ళీ లేచింది.

“ఆ ముక్క ఆ రోజే చెప్పాలా వద్దా? నేనేమైనా రాక్షసుణ్ణా, కాదంటానా? అయినా నేను మాటన్నది నిన్ను. దానికి ఆయన లేచి వెళ్ళిపోవడమేమిటి?”

నర్సు ఐసు సంచి తిరగేసి, పిల్ల బుగ్గకి నొప్పి తగలకుండా మళ్ళీ ఆనించింది.

“అంతమందిలో కన్నకూతుర్ని లంచగొండి అంటుంటే, ఏ నాన్న కూర్చుని వినగలడండీ?” అంది.