మంచివాడని రాసిన ఉత్తరం

ఉత్తరం రాయబోతున్న కాగితం మీద తడి చెయ్యి ఒకటి వచ్చి పడింది.

పురుషోత్తం తలెత్తి చూశాడు. అరవై దాటిన ఆడమనిషి. ఎవరో ఇచ్చిన కోటు, చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. ఐర్లండ్‌లోని ఆ డండాక్ ఊరి వానలో గొడుగు లేకుండా నడిచి వచ్చినట్టుంది.

"రాయకుండ్రి సారూ," అంది.

అది తెలుగు సంఘం ఆదివారాలు కూడే హాలు. పురుషోత్తం ఆ సంఘానికి అధ్యక్షుడు. ఆ రోజు అక్కడ జరుగుతున్న పని, ప్రజ్వల్ చాలా మంచివాడని జడ్జికి ఉత్తరాలు రాయడం.

ఆ మంచివాడు చేసిందల్లా పెళ్ళాం శ్రావ్యను గొంతు నులిమి చంపడం.

మొదట హత్య కేసే పెట్టారు. విచారణకు ముందు లాయర్లు కూర్చుని మాట్లాడుకున్నారు. హత్య అనకుండా మాన్‌స్లాటర్ అంటే నేరం ఒప్పుకుంటానన్నాడు ప్రజ్వల్. ప్రభుత్వం తరఫువాళ్ళు సరేనన్నారు. మాన్‌స్లాటర్ అంటే చంపాలనే ఉద్దేశం లేకుండా చంపడమట. ఊపిరి ఆగేదాకా గొంతు మీద చేతులు తీయనివాడికి ఇంకే ఉద్దేశం ఉంటుందో ఆ చట్టానికే తెలియాలి.

ఇక తేలాల్సింది ఎన్నేళ్ళన్నదే. దానికే ఈ ఉత్తరాలు.

"ఎవరమ్మా మీరు? ఎవరి తరఫు?" అడిగాడు పురుషోత్తం.

"సచ్చిపోయినదాని తరఫు."

హాల్లో అందరూ ఇటు తిరిగారు. శ్రావ్య తల్లి కాబోలు అనుకున్నారందరూ. కూర్చోమన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

"ఆ పిల్ల నాకు మూడుసార్లు ఫోన్ చేసింది సారూ. గొంతు వట్టిండని ఏడ్సింది. ఓర్సుకో బిడ్డా, మొగోనికి కోపముంటది అని నేనే చెప్పిన. నా నోరు పడిపోను."

"ఏ పెద్దవాళ్ళయినా అలాగే చెప్తారమ్మా."

"గందుకే సచ్చింది."

పురుషోత్తం ఆమె చేతి కింద నుంచి కాగితం లాక్కున్నాడు.

"మీ అసొంటి పెద్దమనుషులు వాడు మంచోడని రాస్తే, తప్పు ఆ పిల్లదేనని గద జడ్జి అనుకునేది?"

గిరీష్ అడ్డం వచ్చాడు. ప్రజ్వల్‌తో కలిసి పనిచేస్తాడు. ఉత్తరాలు పోగుచేస్తున్నది అతనే.

"ఆంటీ, మీ పెయిన్ మాకు అర్థమవుతోంది. బట్ ఇది మా మీటింగ్. ఏమైనా ఉంటే పోలీసులకి చెప్పుకోండి, ప్లీజ్."

"వాళ్ళకు చెప్పే వచ్చిన బిడ్డా."

గిరీష్ ఆమె మోచెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించాడు. బయటికి పంపి తలుపేశాడు.

"అంకుల్, మీరు ఎమోషనల్ అవ్వొద్దు. పోయిన అమ్మాయి ఎలాగూ తిరిగి రాదు. అక్కడ ఇండియాలో ప్రజ్వల్ వాళ్ళమ్మ సంగతి ఆలోచించండి. 'నా కొడుకుని కాపాడండి' అని రోజూ ఫోన్లో ఒకటే ఏడుపట. ప్రజ్వలే చెప్పాడు. ఆమె మొహం చూసయినా రాయండి."

పోయినవాళ్ళు తిరిగి రారన్న సత్యం ఎప్పుడూ చంపినవాడి తరఫువాళ్ళకే గుర్తొస్తుంది.

పురుషోత్తం మళ్ళీ కలం పట్టుకున్నాడు. ఒక తల్లి రాయొద్దంది. ఇంకో తల్లి కాపాడమంటోంది. ఈవిడ ఎలాగూ పోగొట్టుకుంది, ఆవిడకైనా కొడుకును దక్కనిద్దాం అనుకున్నాడు. తనది ధర్మబుద్ధి అని కూడా అనుకున్నాడు.

'ప్రజ్వల్ నాకు ఆరేళ్ళుగా తెలుసు. మృదుస్వభావి. వినాయక చవితి పనులన్నీ భుజాన వేసుకుని చేస్తాడు' అని రాసి, కింద సంతకం పెట్టాడు.

మూడు వారాల తర్వాత డబ్లిన్‌లో శిక్ష చెప్పారు. పురుషోత్తం కూడా వెళ్ళాడు. ఆ రోజు హాలుకు వచ్చిన కోటు ఆవిడ వెనక వరసలో ఒక్కతే కూర్చుని ఉంది. ప్రజ్వల్ కోర్టంతా కలయజూశాడు గానీ ఆ వరస వైపు మాత్రం తల తిప్పలేదు.

జడ్జి పన్నెండేళ్ళ శిక్షతో లెక్క మొదలుపెట్టాడు. నేరం ఒప్పుకున్నాడని కొంత తగ్గించాడు. పాత కేసులేవీ లేవని మరికొంత తగ్గించాడు. తర్వాత ఉత్తరాల కట్ట విప్పాడు.

"ఇరవై రెండు ఉత్తరాలు వచ్చాయి. ఇతను మృదుస్వభావి అంటున్నారు వాళ్ళ సంఘం అధ్యక్షులు. అంతటి గౌరవనీయుల మాటను పక్కన పెట్టలేను."

ఎనిమిదేళ్ళు. అందులో చివరి ఏడాది అనుభవించక్కర్లేదు.

"గ్రాండ్, అంకుల్! మీ లెటరే పనిచేసింది," అని గిరీష్ చెవిలో చెప్పాడు. పరీక్షలో పాసైనంత సంతోషం అతని మొహంలో.

పురుషోత్తానికి ఒళ్ళు మండింది. గిరీష్ మీద కాదు, తన చేతి మీద. శ్రావ్య ఎలాంటి పిల్లో చెప్పే కాగితం ఆ కట్టలో ఒక్కటి లేదు. ఆరేళ్ళలో ఆమెతో తాను పట్టుమని పది మాటలు మాట్లాడిందీ లేదు. ఏడేళ్ళకు వాడు బయటికొస్తాడు, తెలుగువాళ్ళంతా కలిసి మళ్ళీ చవితి పందిరి పని అప్పజెప్తారు కూడా. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

బయట వరండాలో ఆ పెద్దావిడ కోటు గుండీలు పెట్టుకుంటోంది. పురుషోత్తం ఎదురుగా వెళ్ళి రెండు చేతులూ జోడించాడు.

"మీ అమ్మాయికి అన్యాయం చేశానమ్మా. ప్రజ్వల్ వాళ్ళమ్మ ఏడుస్తోందంటే మనసు ఆగలేదు. ఆ తల్లి మొహం చూసి రాశాను. నన్ను క్షమించండి."

ఆమె ఆఖరి గుండీ పెట్టుకుంది.

"శ్రావ్యకు తల్లి లేదు సారూ," అంది. "నేను అత్తను. గా బోనుల నిలవడ్డోడు నా కొడుకు."