పడవలో కూర్చునే ఉద్యోగం

"నోరు విప్పినవంటే ఉద్యోగం పోతది ఓబులన్నా. ఇంతకన్న విడమరిచి చెప్పుడు నాతోని కాదు" అంది మాలతి.

ఓబులయ్య నోరు విప్పాడు. "అది గాదు మేడమ్మా..."

"చూసినవా! అప్పుడే విప్పినవ్."

మాలతి, అరబ్బు దేశంలో మదీనత్ అల్ షమాల్ దగ్గర సముద్రపు ఒడ్డున కొత్తగా లేచిన రిసార్టుకు మేనేజరు. ఓబులయ్య అదే ఒడ్డున పద్నాలుగేళ్ళుగా చేపల పడవలకు కాపలాదారు. రిసార్టు రావడంతో పడవలూ జాలర్లూ వేరే రేవుకు వెళ్ళిపోయారు. అందం కోసం ఉంచిన పాత పడవ ఒకటి మిగిలింది, దాంతోపాటు ఓబులయ్యా మిగిలాడు. అలల చప్పుడు తప్ప ఇంకోటి వినపడని ఆ చోట ఇప్పుడు రంగు గొడుగులు, ఉయ్యాలలు, పొద్దస్తమానం పాటలు. ఒడ్డుకు కొట్టుకొచ్చే గవ్వలు బాగాలేవని బస్తాల్లో వేరే గవ్వలు తెప్పించి మరీ చల్లారు. అంతా అయ్యాక, "ఇక్కడ పాతకాలపు జాలరి ఒకడుంటే ఎంత బాగుంటుంది!" అన్నారట కంపెనీ పెద్దసారు. ఉన్న జాలర్లను పంపేశాక వచ్చిన ఆలోచన అది. పెద్దవాళ్ళ బుర్రలు అలాగే పనిచేస్తాయి మరి.

వేషం కోసం తెప్పించిన పెట్టె తెరిచి చూస్తే లుంగీ, బనీను, తలగుడ్డ. ఓబులయ్య రోజూ కట్టుకునేవే. కాకపోతే వీటికి ఇస్త్రీ చేసి ఉంది.

"మాది అనంతపురం జిల్లా మేడమ్మా. నాకు ఈత రాదు, చేపలు పట్టను రాదు. ఇన్ని నీళ్ళు జూసిందే ఈడికొచ్చినాక."

"పట్టే పని లేదు. పడవల కూసొని వల బాగుచేస్తున్నట్టు ఉండు, చాలు. సారు ముందల నీ తెలుగు బయటపడిందో, ఇక్కడి జాలరివి కాదని తెలిసిపోతది, అయిపోయినట్టే. యల్లా, ఎక్కు!"

సరేనని చెప్పబోయి, గుర్తొచ్చి, తలూపి పడవ ఎక్కాడు.

అంతలో రాజనర్సు ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. అతను రిసార్టులో కూలీ, పనివాళ్ళుండే క్యాంపులో ఓబులయ్యది, అతనిది ఒకటే గది. ట్రాలీ మీద మనిషంత బొమ్మ కూర్చుని ఉంది. దానికీ లుంగీ, దానికీ బనీను, దాని చేతిలోనూ వల.

"ఇదేందిరా?" అన్నాడు ఓబులయ్య.

జవాబు మాలతి చెప్పింది. "మనిషిని, బొమ్మని పక్కపక్కన పెట్టమన్నరు సారు. చూసి ఏదో ఒకటి ఖాయం చేస్తరంట. బొమ్మ నచ్చిందంటే మాత్రం... నీకు ఇంటికి టికెట్టే ఓబులన్నా."

ఓబులయ్య బొమ్మ వంక చూశాడు. ఊళ్ళో కూతురు అనిత నర్సింగు చదువు ఇంకా ఏడాది మిగిలి ఉంది. తను ఇప్పుడు ఇంటికి పోతే ఆ పిల్ల కూడా ఇంటికి రావాల్సిందే.

"దీనికి తిండి మాఫీ, లీవు మాఫీ. నీకన్న జర అందంగ గూడ ఉన్నది గదనే!" అన్నాడు రాజనర్సు.

"పుండు మీద కారం సల్లొద్దురా" అన్నాడు ఓబులయ్య.

మాలతి ఫోను మోగింది. పెద్దసారు అనుకున్నదానికంటే ముందే గేటు దగ్గరికి వచ్చేశారు. ఆమె అటు పరుగెత్తింది.

రాజనర్సు అటూ ఇటూ చూశాడు. ఎంత వెక్కిరించినా ఒకే గదివాడాయె. "బొమ్మ అవుపడకపోతే ఎట్ల ఖాయం జేస్తడే?" అంటూ దాన్ని పడవ అవతల పడుకోబెట్టి, పైన టార్పాలిన్ కప్పి, దాని మీదే కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచాడు.

పెద్దసారు వచ్చారు. భయంతో ఓబులయ్యకు కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయాయి. వల సంగతి దేవుడెరుగు, రెప్ప వేయడం కూడా మరిచిపోయాడు. పెద్దసారు పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. వంగి, మొహంలో మొహం పెట్టి చూశారు. మీసం పట్టుకుని లాగారు. ఓబులయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కిక్కురుమనలేదు. అది చాలదన్నట్టు నీటికాకి ఒకటి వచ్చి తలగుడ్డ మీద వాలింది. వాలి ఊరుకోకుండా తన పనీ కానిచ్చుకుంది. అది చెంప మీదుగా జారుతుంటే ఓబులయ్య కూతుర్ని తలుచుకున్నాడు, కదిరి నరసింహస్వామిని తలుచుకున్నాడు, నోరు మాత్రం తెరవలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారి.

పెద్దసారు మాలతితో ఇంగ్లీషులో ఏదో అన్నారు. ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపి, ఇంకో నాలుగు మాటలు చెప్పి, హుషారుగా వెళ్ళి కారెక్కారు.

మాలతి వచ్చి పడవ అంచు మీద కూలబడింది.

"ఏమన్నాడు మేడమ్మా సారు? ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?"

"మనిషి వద్దే వద్దన్నరు. బొమ్మనే ఖాయం చేసిండ్రు."

ఓబులయ్య బావురుమన్నాడు. "ఇంగేం జేయల్ల నేను? మీసం పీకితే ఊరుకుంటి. కాకి నెత్తిన దొడ్డికి పోతే ఊరుకుంటి. నా కంటే ఆ పలాస్టికు నాయాలు యాంటికి ఎక్కువైనాడమ్మా?"

"బొమ్మను సారు సూడనే లేదు గద మేడం! నేను దాని మీదనే కూసున్న!" అన్నాడు రాజనర్సు, నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని.

"చూసిండ్రు. మీసం గూడ గుంజి చూసిండ్రు" అంది మాలతి, ఓబులయ్యకు చెంప తుడుచుకోమని రుమాలు అందిస్తూ. "ఇట్లాంటి బొమ్మలే ఒడ్డు పొడుగునా ఇంకో పది పెట్టమన్నరు. మీ క్యాంపుల కదలకుండ కూసునేటోళ్ళు ఎంతమంది ఉన్నరు రాజనర్సన్నా?"