తోక పైకెగిరిన అక్షరం

"కుర్రాళ్ళకి తెగ నచ్చేసింది మేడమ్! ఆ అక్షరాలు చూస్తే ఫ్రెండెవడో రాసి పిలిచినట్టుందట. రేపే ప్రింటింగ్!" అని బీరు కంపెనీ మేనేజరు ఫోన్ పెట్టేశాడు.

డిజైనరు పొంగిపోతూ నమూనా డబ్బా తల్లి చేతికిచ్చింది. పాత లేబులు మీది బండ అక్షరాలు పోయి, చేత్తో రాసినవి వచ్చాయి. చివరి అక్షరం తోక గాలిపటంలా పైకెగిరింది.

తల్లి ఆ తోకను వేలితో తడిమింది. "మన చిన్నోడి రాత కదే ఇది!"

"కాదమ్మా, నేనే గీశా..." అంటూనే ఆగిపోయింది.

తాగి తాగి పోయిన తమ్ముడికి చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది తనే. ఆ తోక మాత్రం వాడి సొంతం. ఇప్పుడు తన చెయ్యి, తనకు చెప్పకుండానే గీసేసింది.

తల్లి డబ్బాను ఒళ్ళోకి తీసుకుంది.

"వాణ్ణి మళ్ళీ ఆ షాపుల్లోకి పంపకే తల్లీ."